24 రాత్రి ఓడ ఎక్కడుంటుంది? మా క్రిస్మస్ క్రూయిజ్ ఎంపిక

మా ఇంట్లో క్రిస్మస్ అంటే 24 రాత్రి ఫాతిమానగర్ కెథెడ్రల్‌లో పూజ. చలికి శాలువాలు కప్పుకుని ఇంటిల్లిపాదీ కదలాలి. పూజ అయ్యాక పశువుల పాక (బాలయేసు పుట్టిన చోటును చూపే బొమ్మల అలంకరణ) దగ్గర దండం పెట్టుకోవాలి. తెల్లారితే చుట్టాలు, బిర్యానీ, పక్కింటివాళ్లకు కేకు ముక్కలు. అలాంటి ఇంట్లో "ఈసారి క్రిస్మస్ సెలవులకు క్రూయిజ్ పోదాం" అన్న మాట పిల్లలు ఎత్తారు.

నాకూ పోవాలనే ఉంది. నాకు, మా ఆయనకు ఒకేసారి సెలవు దొరికేది అప్పుడే. మన తెలంగాణలో 25తో పాటు 26 కూడా ప్రభుత్వ సెలవు. పెద్దబిడ్డ చదివేది మిషనరీ స్కూల్ కాబట్టి దానికి ఐదారు రోజులు వస్తాయి. చిన్నోడి స్కూల్లో అన్ని ఇవ్వరు కానీ, వాడిది ఇంకా చిన్న క్లాసే, రెండు మూడు రోజులు పోయినా నష్టం లేదు. ఇక మిగిలింది అత్తమ్మ. ఆమె ఒకటే మాట అన్నది: "ఇరవై నాలుగు రాత్రి మన గుళ్లె పూజ లేకుంటే నాకు అది పండుగే కాదు బిడ్డా. మీరు పోయి రార్రి, నేను ఇంటికాడ ఉంట."

ఆమెను వదిలేసి పోయే ఆలోచన మాకెవరికీ లేదు. ఎట్లా పోవాలన్నదే ప్రశ్న. ఓడ మీద ఈత కొలను ఎలా ఉంటుంది, తిండి ఎలా ఉంటుంది అని చూపించే వీడియోలు బోలెడున్నాయి. నాలుగైదు రూట్లు ముందు పెట్టుకుని మన ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలాగో చెప్పేవి మాత్రం నాకు దొరకలేదు. అందుకే ప్రయాణం కంటే ఎంపిక గురించే ఎక్కువ రాస్తున్నాను.

హన్మకొండలో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గరికి వెళ్లాం. కూర్చోగానే "మేడమ్, ఈ ప్యాకేజీలో రెండు దేశాలు, ఇందులో మూడు దేశాలు" అని మొదలుపెట్టాడు. దేశాల లెక్క నాకెందుకు? ఓడ ఏ రోజు ఎన్ని గంటలకు పోర్టుకు చేరుతుంది, మళ్లీ ఎన్నింటికి కదులుతుంది, గట్టుకు ఆనుకుని ఆగుతుందా లేక దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతుందా అని అడిగాను. ఆ వివరాలు ఆయన దగ్గర లేవు. కనుక్కుని చెప్తానన్నాడు. నేను అడిగిన మూడింటికి జవాబు లేకుండా డబ్బు కట్టొద్దని ఎవరికైనా చెప్తాను. ఎందుకంటే ప్యాకేజీ కాగితం మీద ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఆ ఊరు చూసినట్టు కాదు. మధ్యాహ్నం రెండింటికి చేరి రాత్రి ఎనిమిదికి కదిలే ఓడలో, దిగే క్యూ ఒక గంట, బయలుదేరడానికి కనీసం గంట ముందే తిరిగి ఎక్కాలన్న నియమం ఒక గంట తీసేస్తే మిగిలేది నాలుగు గంటలే.

ఇంటికొచ్చి పాత క్యాలెండర్ షీటు ఒకటి తిరగేసి, తెల్లవైపున గళ్లు గీశాను. నిలువు వరుసలో 23 నుంచి 31 వరకు తేదీలు, అడ్డంగా రూట్లు. ఒక్కో గడిలో మూడే రాశాం: పోర్టులో ఎన్ని గంటలు, గట్టా పడవా, ఆ రాత్రి ఓడ ఎక్కడుంటుంది. సముద్రంలో ఉండే రోజుల గళ్లకు పెద్దబిడ్డ నీలం రంగు వేసింది. 24వ తేదీ వరుస చుట్టూ నేను ఎర్ర స్కెచ్‌తో గీత గీశాను. గోడకు అంటించాక ఇంట్లో మాటల తీరే మారిపోయింది. అప్పటిదాకా "సింగపూర్ కావాలి", "గోవా కావాలి" అంటున్నవాళ్లు గళ్లలోని గంటలు చూసి మాట్లాడటం మొదలుపెట్టారు.

మొదట చూసింది ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు వెళ్లే రూట్. 2021 సెప్టెంబర్ నుంచి కార్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఓడ ముంబై నుంచి నడుస్తోంది. మాలాంటి వాళ్లకు ఇందులో ఉన్న సుఖం చాలా ఎక్కువ. కాజీపేటలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబై సీఎస్ఎంటీలో దిగొచ్చు, ఓడ ఎక్కే బల్లార్డ్ పియర్ అక్కడి నుంచి దగ్గరే. పాస్‌పోర్టు గొడవ లేదు, వీసా టెన్షన్ లేదు. పైగా గోవా అనగానే అత్తమ్మ ముఖం వెలిగింది. ఓల్డ్ గోవాలోని బామ్ జీసస్ బసిలికా, అందులో పునీత ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం. 1605లో ప్రతిష్ఠించిన గుడి అది. ఆమె ఎన్నో ఏళ్లుగా చూడాలనుకుంటున్న చోటు.

గళ్లు నింపాక కథ వేరేగా కనిపించింది. మాకు వచ్చిన ప్లాన్‌లో 24 రాత్రి ఓడ నడిసముద్రంలో ఉంటుంది. గోవాలో ఓడ ఆగేది మోర్ముగావ్‌లో. అక్కడి నుంచి ఓల్డ్ గోవాకు పండుగ ట్రాఫిక్‌లో పోను గంట పైన, రాను గంట పైన. బసిలికా ముందు పండుగ రద్దీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "గుళ్లె పది నిమిషాలు నిలబడి గడియారం చూసుకుంట ఉరుకుడా?" అని అత్తమ్మే అన్నది.

లక్షద్వీప్ సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే వయసు మళ్లినవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడి అగత్తి దీవి చుట్టూ పగడపు దిబ్బలు, లోపల లోతు తక్కువ నీళ్లు. పెద్ద ఓడ లోపలికి పోలేదు. బయటే ఆగుతుంది, మనల్ని చిన్న పడవల్లో తీరానికి చేరుస్తారు. ఓడ పక్క తలుపులోంచి పడవలోకి అడుగు వేసే చోటు ఒక వీడియోలో ఆపి ఆపి చూశాను. అల వచ్చినప్పుడు పడవ పైకి లేస్తుంది, పోగానే కిందికి దిగుతుంది. పడవ పైకి వచ్చిన క్షణంలో సిబ్బంది రెండు చేతులూ పట్టుకుని "ఇప్పుడు" అంటారు, మనం అడుగు వెయ్యాలి. మా అత్తమ్మ మోకాళ్లతో అది కుదరదు. ఇంటి ముందు మెట్లే ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతుంది. సముద్రం బాగా లేకపోతే దింపడమే రద్దు చేస్తారు, అది ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ ఒక మాట. డిసెంబర్, జనవరి నెలల్లో అరేబియా సముద్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది, అనుమతి పత్రాల పని కూడా ఓడ వాళ్లే చూసుకుంటారు. కొత్తగా పెళ్లయినవాళ్లకు, మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ రూటే.

రెండోది దుబాయ్. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు అరుదు. మా తమ్ముడూ అక్కడే ఉంటాడు. "అక్కా, చలికాలమే ఇక్కడ సీజన్, ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరుతయి, అబుదాబి, దోహా చూడొచ్చు, ముందు మా ఇంట్ల రెండు రోజులు ఉండొచ్చు" అని ఫోన్ మీద ఫోన్. వాడిని చూసినట్టూ ఉంటుందని నాకూ ఆశే. అయితే ఆ రూట్లు ఎక్కువగా ఏడు రాత్రులవి. ఓడ దుబాయ్ వదిలి వేరే దేశం పోయి మళ్లీ దుబాయ్‌కే వస్తుంది కాబట్టి ఒకసారి లోపలికి రానిచ్చే వీసా చాలదు, పలుమార్లు అనుమతించేది కావాలి. వీటన్నిటినీ మించింది అత్తమ్మ పాస్‌పోర్టు. యెరూషలేం యాత్రకని ఎప్పుడో తీయించారు, యాత్ర జరగలేదు. అందులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరు గడిలో ఒక్క మాటే ఉంది. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఇలా ఒకే పేరున్న పాస్‌పోర్టులకు టూరిస్టు వీసాల దగ్గర అడ్డు చెప్తోంది. మన వైపు పెద్దవాళ్ల పాస్‌పోర్టులు, ముఖ్యంగా ఆడవాళ్లవి, ఇలాంటివి చాలా ఉంటాయి. ఏ రూట్ అయినా మాట్లాడే ముందు ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టి మొదటి పేజీ చదవండి. గడువు ఆరు నెలలకు పైగా ఉందా, ఇంటిపేరు గడి నిండి ఉందా అన్నవి రెండూ అక్కడే తెలుస్తాయి.

ఆ విధంగా సింగపూర్ మిగిలింది. మిగిలిందని తక్కువ చేసి అనడం లేదు, అసలు ఆలోచన అంతా ఇక్కడే పట్టింది. అక్కడి నుంచి ఏడాది పొడవునా ఓడలు నడుస్తాయి. డిసెంబర్‌లో అయితే రెండు మూడు రోజులకొకటి బయలుదేరుతుంది. మాకు దొరికిన వాటిలో మూడు రకాలున్నాయి. 24 సాయంత్రం బయలుదేరి 25న పెనాంగ్, 26న ఫుకెట్, ఒక రోజు సముద్రం, 28 ఉదయానికి వాపసు వచ్చేది మొదటిది. మలక్కా, పోర్ట్ క్లాంగ్ రెండూ చూపించే మూడు రాత్రులది రెండోది. 27 సాయంత్రం బయలుదేరి ఒక్క పెనాంగ్ మాత్రమే చూపించి 30 ఉదయం తిరిగొచ్చేది మూడోది.

పిల్లలిద్దరూ మొదటిదానికే ఓటేశారు. క్రిస్మస్ రోజు ఓడ మీద ఉంటాం, పెద్ద చెట్టు, పాటలు, క్రిస్మస్ తాత. కాగితం మీద చూస్తే అది అందమైన రూటే. 25న పెనాంగ్‌లో దిగి గుడికి కూడా పోవచ్చు. కానీ 24 రాత్రి గడిలో "సముద్రం" అని ఉంది. ఓడ మీద పూజ చెప్పే ఫాదర్ ఉంటారా అని రాసి అడిగితే, ఏదో ఒక ప్రార్థన కార్యక్రమం ఉండొచ్చు కానీ హామీ ఇవ్వలేమని జవాబు వచ్చింది. ఫుకెట్‌లో పెద్ద ఓడలు చాలాసార్లు పటాంగ్ తీరానికి దూరంగా ఆగి పడవల్లో దింపుతాయి. మళ్లీ అదే అడుగు, అవే మోకాళ్లు.

మలక్కాలో కూడా పెద్ద ఓడలు గట్టుకు రావు. పోర్ట్ క్లాంగ్‌లో గట్టుకే ఆనుతుంది కానీ, అందరూ చూడాలనుకునే కౌలాలంపూర్ అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. బస్సులో పోయి, జంట టవర్ల ముందు ఫోటో దిగి, బస్సులో రావడమే అవుతుంది. "రెండు పోర్టులు" అని గొప్పగా రాసిన ఆ రూట్‌లో అత్తమ్మ నేల మీద నడిచే సమయం లెక్కేస్తే మిగతా అన్నిటికంటే తక్కువ వచ్చింది.

పెనాంగ్ లెక్క వేరు. అక్కడ ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊరి అంచునే ఉంటుంది. గట్టు దిగి రోడ్డు దాటితే పాత ఊరు. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఊరు అదే. టూర్ బస్సు అక్కర్లేదు, టాక్సీలో ఐదు నిమిషాలు చాలు. ఫర్క్వార్ వీధిలో చర్చ్ ఆఫ్ ది అసంప్షన్ ఉంది. 1786లో కెడా నుంచి వచ్చిన కథోలికులు మొదలుపెట్టిన విచారణ (పారిష్) అది. వాళ్లు పెనాంగ్ చేరింది మరియమాత మోక్షారోపణ (అసంప్షన్) పండుగ ముందురోజున, ఆ పేరే గుడికి పెట్టారు. ఇది చదివి వినిపిస్తే అత్తమ్మ ఏమీ అనలేదు కానీ, మరుసటి రోజు పొద్దున "ఆ పెనాంగ్ గుడి ఏ తారీఖున చూస్తం?" అని అడిగింది. అప్పుడు నాకు అర్థమైంది, ఏ గడికి టిక్కు పెట్టాలో.

వాన, అలల సంగతి కూడా చూశాం. నెల్లూరుకు, చెన్నైకి వానలు తెచ్చే ఈశాన్య గాలులే డిసెంబర్‌లో సింగపూర్‌ను కూడా తడుపుతాయి. దక్షిణ చైనా సముద్రం ఆ నెలల్లో బాగా ఎగసిపడుతుంది. మలేసియా తూర్పు తీరంలోని దీవుల్లో హోటళ్లు చాలా వరకు మూసేస్తారు. పెనాంగ్ వైపు పోయే ఓడ మాత్రం పడమటగా మలక్కా జలసంధిలోంచి పోతుంది. ఒక పక్క మలేసియా, ఇంకో పక్క సుమత్రా, మధ్యలో దాదాపు 800 కిలోమీటర్ల నీటి దారి. రెండు పక్కలా నేల అడ్డం ఉండటంతో అలలు తక్కువ. మొదటిసారి ఓడ ఎక్కేవాళ్లు, వాంతుల భయం ఉన్నవాళ్లు డిసెంబర్‌లో సింగపూర్ నుంచి పోవాలనుకుంటే పడమటి రూటే చూసుకోండి. ధరలో కొంచెం తేడా ఉన్నా సరే.

ఇక పిల్లలను ఒప్పించాలి. అలంకరణలు, చెట్టు కొత్త సంవత్సరం దాకా తీయరని ఓడ వాళ్లతో రాతపూర్వకంగా చెప్పించుకుని ఆ ఈమెయిల్ పిల్లలకు చూపించాను. పెద్దబిడ్డ క్యాలెండర్ ముందు కాసేపు నిలబడి, "మరి 24 మన గుడి, 25 ఇంట్లో బిర్యానీ, 27 ఓడ. ఏదీ పోలేదు కదా" అన్నది. దాంతో అయిపోయింది.

డబ్బు సంగతి. ఓడ ధర ఎప్పుడూ ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కన మనిషికి ఇంత అని చూపిస్తారు. దాని మీద పోర్టు ఛార్జీలు, రోజుకు మనిషికి ఇంత అని సిబ్బంది టిప్పు, పండుగ రోజుల్లో అదనపు సర్‌చార్జి వస్తాయి. ఇవన్నీ కలిపి ఐదుగురికి మొత్తం ఎంత అన్న ఒక్క అంకె రాసి ఇమ్మని అడగండి. అలా అడిగితే మాకు చవకగా కనిపించిన రూట్ ఒకటి ఖరీదైనదిగా తేలింది. మేం అడిగిన ధరల్లో 31 రాత్రి ఓడ మీద ఉండేవి అన్నిటికంటే ఎక్కువ, 25 కలిసేవి వాటి తర్వాత. మధ్యలో పడిన 27 నాటి ఓడ కొంత తక్కువకు వచ్చింది. పూజ కోసం ఎంచుకున్న తేదీ డబ్బు కూడా మిగిల్చింది. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ అని ముందుగానే కొంత పన్ను పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, పాన్ నంబర్ సరిగ్గా ఇస్తే ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. పండుగ ఓడలకు రద్దు నిబంధనలు మామూలు కంటే కఠినంగా ఉంటాయి. ఏ తేదీ దాటితే ఎంత పోతుందో బుకింగ్ రోజే చదువుకోవాలి. పోర్టును మార్చే హక్కు ఎప్పుడూ ఓడ వాళ్లదే, టికెట్ నిబంధనల్లో ఆ మాట ఉంటుంది.

గది విషయంలో ఒక్క సూత్రమే పట్టుకున్నాం. ఓడ ఊగేది ఉయ్యాల బల్లలా, కొసలు ఎక్కువ లేస్తాయి, నడుమ తక్కువ. అందుకని నడుమ భాగంలో, కింది అంతస్తులో గదులు అడిగాం. మా పైన, కింద ఏముందో కూడా ఓడ మ్యాపులో చూసుకున్నాం. పైన ఈత కొలను ఉంటే తెల్లవారుజామున కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద నాటకశాల ఉంటే రాత్రి డ్రమ్ముల మోత. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు ప్రశాంతం. అత్తమ్మకు, పెద్దబిడ్డకు కిటికీ ఉన్నది ఒకటి, మా ముగ్గురికి పక్కనే ఇంకొకటి. బాల్కనీ గది జోలికి పోలేదు. మూడు రాత్రుల కోసం అంత తేడా కట్టే కంటే ఆ డబ్బుతో అత్తమ్మకు మంచి ప్రయాణ బీమా తీసుకోవడం మేలనిపించింది. ఓడ మీద డాక్టర్ ఉంటారు కానీ వైద్యం ఖర్చు చాలా ఎక్కువ.

వీసాలకు పెద్దగా ఇబ్బంది పడలేదు. సింగపూర్‌కు 14ఏ ఫారం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫోటో, అధీకృత ఏజెంట్ ద్వారా దరఖాస్తు. ఓడ తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా కాగితం మీద పలుమార్లు ప్రవేశం ఉందో లేదో చూసుకున్నాం. మలేసియా 2023 డిసెంబర్ నుంచి మనవాళ్లకు వీసా లేకుండానే రానిస్తోంది. రెండు దేశాలకూ రాకకు ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారాలు ఉన్నాయి, అవి మూడు రోజుల ముందే తెరుచుకుంటాయి. 25 మధ్యాహ్నం చుట్టాలు భోంచేస్తుండగా పెద్దబిడ్డ ఫోన్‌లో కూర్చుని అందరివీ నింపింది.

ఆ రాత్రే కారులో శంషాబాద్ బయలుదేరాం. ఓడ 27న కదులుతుందంటే 26కే ఆ ఊళ్లో ఉండాలని ముందే అనుకున్నాం. విమానం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. 26 పొద్దంతా సింగపూర్‌లో వాన. హోటల్ గదిలో కూర్చుని అత్తమ్మ చేసిన సకినాలు, గరిజెలు తిన్నాం. మా ఓడ నిబంధనల ప్రకారం ఇంట్లో వండినవి పైకి తీసుకెళ్లకూడదు, కాబట్టి డబ్బా అక్కడే ఖాళీ చేయాల్సి వచ్చింది. పిల్లలు ఆ పని సంతోషంగా చేశారు.

మెరీనా బే టెర్మినల్‌లో పెట్టెలు ఇచ్చేస్తే అవి సాయంత్రానికి గది ముందుకొస్తాయి. మందులు, పాస్‌పోర్టులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఇంకొకటి, ఓడ కదలగానే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే ఓడ మీది నెట్‌వర్క్ దానంతటదే పట్టుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది. చెట్టు ఉంది, దీపాలు ఉన్నాయి, పాటలు ఉన్నాయి. చిన్నోడు చెట్టు దగ్గరే సగం సాయంత్రం గడిపాడు. రాత్రి కిటికీలోంచి చూస్తే జలసంధిలో మా పక్కనే వేరే ఓడల దీపాలు, ఒకదాని వెనక ఒకటి. "హైవే మీద లారీలు పోయినట్టు పోతున్నయి" అని అత్తమ్మ నిద్ర మానేసి చాలాసేపు చూసింది. ఊపు ఉందో లేదో తెలియనంతగా ఉంది. వాంతుల మాత్రలు సంచిలోంచి తీయలేదు.

పెనాంగ్‌లో మధ్యాహ్నం దిగాం. దిగే వంతెనకు కొంచెం వాలు ఉంది, రెండు పక్కలా పట్టుకోవడానికి కడ్డీలున్నాయి. అత్తమ్మ ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో మనవరాలి భుజం పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి, నేల మీద కాలు పెట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. టాక్సీలో గుడికి వెళ్లాం. లోపల పశువుల పాక ఇంకా ఉంది. అత్తమ్మ ఒడిలో సంచి పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుని జపమాల మొత్తం చెప్పుకున్నది. గడియారం చూడాల్సిన పని లేదు, ఓడ ఊరి అంచునే ఉంది, ఇంకా గంటలు మిగిలున్నాయి. ఆ తర్వాత లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిన్నాం. పిల్లలు గోడల మీది బొమ్మల ముందు ఫోటోలు దిగారు. చీకటి పడ్డాక తాపీగా నడుచుకుంటూ ఓడకు చేరాం.

29 మొత్తం సముద్రమే. "రోజంతా ఓడ మీద ఏం చేస్తాం" అని మా ఆయన బయలుదేరే ముందు గొణిగాడు. ఆ రోజు ఆయన్ను డెక్ మీది కుర్చీలోంచి లేపడం కష్టమైంది. ఇంట్లో పండుగ పని, వెంటనే ప్రయాణం. అన్నీ అయ్యాక ఎక్కడికీ పోనక్కర్లేని రోజు ఒకటి ఉండటం మా వయసువాళ్లకు చాలా అవసరం. రోజుకొక పోర్టు ఉన్న రూట్ తీసుకుని ఉంటే అది దొరికేది కాదు.

తమ్ముడు మాత్రం దుబాయ్ రూట్‌ను వదల్లేదు. వచ్చే డిసెంబర్‌కు వాడి ఇంటికి రావాల్సిందేనంటున్నాడు. అందుకే తిరిగొచ్చాక మొదట చేసిన పని అత్తమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్చడానికి దరఖాస్తు పెట్టడం. వరంగల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే పని అవుతుంది, హైదరాబాద్ పోనక్కర్లేదు. ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయించాలని ఆధార్ కార్డు ముందు పెట్టుకుని ఫారం నింపాం. తమ్ముడు పంపిన దుబాయ్ ఓడల తేదీల్లో 26 తర్వాత బయలుదేరేవి రెండు ఉన్నాయి. వాటి గంటలు పంపమని వాడికి రాశాను.